ఫొటో మీద వాలిన పురుగు

కర్ణాటకలో గోరేబాళ దగ్గర, ఆంధ్రా నుంచి వలసొచ్చిన రైతుల కాలువ క్యాంపులో బుల్లెమ్మ మాటంటే మాటే. భీమవరం వైపునుంచి కొత్తకోడలిగా వచ్చిన నాటినుంచీ, నారు కొనలు తుంచందే ఏ మడిలోనూ నాట్లు పడనిచ్చేది కాదు. "ఆ కొనల మీదేనే పురుగు గుడ్లెట్టేది, తుంచండే!" అని గట్టు మీంచి ఆవిడ కేకేస్తే కూలీలకు హడల్.

అంతటి మనిషీ ఈ ఏడు పప్పులో కాలేసింది.

భర్త బాపయ్య పోయాక వచ్చిన మొదటి మహాలయపక్షం. సాయంత్రం దీపం పెట్టగానే ఎండుగడ్డి రంగు రెక్కల పురుగొకటి ఎగిరొచ్చి ఆయన ఫొటో మీద వాలింది. "వచ్చారా అండీ!" అంటూ బుల్లెమ్మ భోరుమంది. మర్నాటికి నాలుగు వచ్చాయి. వారం తిరిగేసరికి గోడ కనపడలేదు. కోడలు చీపురెత్తితే, "మీ మావగారిని కొడతావటే!" అని విరుచుకుపడింది.

కొడుకు చంద్రమోహన్‌కి గుబులు పట్టుకుంది. చేను చిరుపొట్ట మీదుంది, కంకి ఇంకా కాండంలోనే ఉంది. అది కౌలు చేను, పంట పోతే ఇక తమది కాదు.

"అమ్మా, చేలో బల్బు కట్టి కింద కిరసనాయిలు పళ్ళెం పెడతానే."

"పక్షం వెళ్ళేదాకా ఒక్క పురుగు చచ్చినా నేను ముద్ద ముట్టను."

బుల్లెమ్మే వద్దందని తెలిసి క్యాంపులో ఎవరూ బల్బు కట్టలేదు. ఆవిడ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ఆ పురుగును ఒక్కసారీ చూడలేదు. చూడాలనుకోలేదంటాను నేను.

అమావాస్యనాడు పిండాలు పెట్టాక, ఆయన్ని కళ్ళారా సాగనంపుదామని కళ్ళజోడు తగిలించుకుంది. రెక్కకో నల్లచుక్క. తోక దగ్గర గోధుమరంగు నూగు. ఓరి దేవుడా, కాండం తొలిచే పురుగు! ఇన్నేళ్ళూ తాను వెంటపడి తరిమిన పురుగే.

ఎండలోనే చేలోకి పరుగెత్తింది. ఆకు కొనలన్నిటి మీదా నూగు కప్పిన గుడ్ల ముద్దలున్నాయి. గోటితో గీరితే లోపల ఏమీ లేదు. పిల్లపురుగులు ఎప్పుడో బయటికొచ్చి కాండాల్లోకి దూరిపోయాయి. ఇక వచ్చేవన్నీ గింజలేని తెల్లకంకులే. పైకి చేను మాత్రం పచ్చగా, నిండుగా ఊగుతోంది.

పక్కచేలోంచి నాగేశ్వరయ్య నవ్వుతూ గట్టెక్కాడు.

"బుల్లెమ్మక్కా, ఈ ఏడు చేలు భలేగా ఉన్నాయి కదా! నువ్వు చెప్పావని మావాళ్ళని కూడా బల్బు కట్టనివ్వలేదు. ఇంకో పది రోజుల్లో కంకులు వచ్చేస్తాయి, చూస్తూండు."