మూర కోటలో మా అన్న కిటికీ

సింహాచలం బావకి,

ముందుగా నా రాతకి నన్ను మన్నించు. వీధిబడిలో మూడేళ్ళు చదివినవాడిని. నా అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకిప్పటికీ అనుమానమే. తప్పులుంటే నువ్వే దిద్దుకుని మీ సుంగై సుమున్ తోట కూలి లైన్లలో మనవాళ్ళకి చదివి వినిపించు. వానలు తగ్గాక మీరంతా కోట చూడటానికి పోతామని, దారి రాయమని అడిగినావు. రాస్తాను. దారితో పాటు నా కోపం కూడా రాస్తాను. అక్కడ నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి వారమైనా అది చల్లారలేదు.

మేము పోయింది సరదాకి కాదు. మా అన్న పైడయ్య కూతురు నరసమ్మ నీకు తెలుసు కదా, తల్లి పోయినప్పటినుంచీ నా దగ్గరే పెరుగుతోంది. పోయిన నెల దానికి సంబంధం ఖాయమైంది. తాంబూలాల రోజు లైన్లో ముసలమ్మలు దాని గడ్డం పట్టుకుని "అచ్చం అయ్య పోలికే" అన్నారు. అందరూ పోయాక అది నా దగ్గర కూర్చుని, "సిన్నానా, మా అయ్య ఎలాగుండేవోడు?" అని అడిగింది. అది తల్లి కడుపులో ఉండగానే అన్న పోయినాడు. ఫోటో లేదు. నేను చెప్పబోయినాను. మొహం నాకే చెరిగిపోయింది బావా. సొంత అన్న మొహం. సిగ్గుతో తల వంచుకుని, "మీ అయ్య చెయ్యి మాత్రం కోటలో ఉందమ్మీ, చూపిస్తాను పద" అన్నాను.

చెయ్యి కోటలో ఉండటమేమిటంటావు. తోట తెల్లదొర గుట్ట మీద ఆ మహలు కట్టించేటప్పుడు మేమిద్దరం అక్కడే పని చేసినాం. నేను సున్నం గానుగ దగ్గర, అన్న ఇటుకల దగ్గర. దొర కాగితాల్లో కొలతలన్నీ అడుగుల్లో ఉండేవి. మా గుంపులో అడుగుబద్ద చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. పెద్ద మేస్త్రి ఒకరోజు అందరినీ వరసలో నిలబెట్టి, దొర టేపుతో మోచెయ్యి నుంచి నడిమివేలి కొస దాకా కొలిచినాడు. నాది పద్దెనిమిది అంగుళాలు. అన్నది సరిగ్గా ఇరవై. "మూడు మూరలకి అయిదడుగులు! వీడే మన బద్ద" అన్నాడు. అన్న మూర ఎంతో అంతకి కర్రలు కోసి అందరికీ పంచినాడు. పైవరస కిటికీలన్నీ మూడేసి మూరల వెడల్పు. అందుకే మనవాళ్ళంతా దాన్ని మూర కోట అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ తర్వాత జ్వరాలొచ్చినాయి, అన్న పోయినాడు. కొన్నేళ్ళకి దొరా పోయినాడు, కోట సగంలో ఆగిపోయింది.

ఇక దారి. మేము శనివారం సాయంత్రం మా బటాంగ్ బెర్జుంటై తోటనుంచి రబ్బరు లారీ మీద రవాంగ్ చేరి, తెలిసినవాళ్ళింట పడుకున్నాం. ఆదివారం పొద్దున్న ఏడింటి రైలుకి మూడో తరగతి టిక్కెట్టు మనిషికి రెండు రింగ్గిట్ల చిల్లర. బాతు గాజాలో దిగేసరికి పన్నెండయింది. మీరు ఉత్తరాన్నించి గానీ దక్షిణాన్నించి గానీ రండి, దిగవలసింది అక్కడే. స్టేషను ఎదురు వీధిలో ఒక చీనా ఫోటో కొట్టుంది. ఫోటోకి రింగ్గిట్టున్నర అడిగినాడు, ముందే ఇమ్మన్నాడు. ఇచ్చినాను. అదే నా మొదటి తప్పు. అతను పెట్టెని పురికొసతో సైకిలుకి కట్టుకుని మా వెనక బయలుదేరినాడు. రానూపోనూ ఎడ్లబండికి నలభై సెంట్లు.

బండివాడు తమిళ కుర్రవాడు, నోరు ఆగదు. "పెద్దాయనా, ఆ కోటలో పేయి ఉంది, మెట్ల మీద నడుస్తుందట" అన్నాడు. పేయి అంటే దయ్యం. నరసమ్మ చటుక్కున, "పొడుగ్గా ఉంటాదా, పొట్టిగా ఉంటాదా? మా అయ్యేమో కనుక్కుంటాను" అంది. వాడు ఎడ్ల తోకలు మెలిపెట్టి బండి జోరు పెంచినాడు. ఏటి ఒడ్డున బండి ఆపి పడవలో దాటాలి, తలకి రెండు సెంట్లు. ఒడ్డున మలాయి ముసలామె అరిటాకులో అన్నం, ఎండుచేప, మిరపకాయ పచ్చడి అమ్ముతుంది. అయిదు సెంట్లకి కడుపు నిండుతుంది. అక్కడ తినండి, పైన ఏమీ దొరకదు.

గుట్టెక్కితే కోట ఒక్కసారి కనబడుతుంది. గుర్రపు లాడంలాంటి కమానులు వరసగా, మూలన నాలుగు పలకల బురుజు. కింది అంతస్తు గచ్చు ఇంకా మెరుస్తోంది, పైన మాత్రం చాలాచోట్ల ఇటుకలు బోసిగా ఉన్నాయి, మర్రిమొలకలు పట్టేసినాయి. ఆ గచ్చు సున్నం నేను నూరిందే, కరక్కాయ నీళ్ళు పోసి. పదహారేళ్ళ వానలకి పెచ్చు ఊడలేదు. గుమ్మంలో కాపలావాడు మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "తోట మనుషులకి లోపలికి లేదు" అన్నాడు. నేను కట్టిన ఇంటికి నాకే లేదట! పది సెంట్లు చేతిలో పెడితే మాత్రం ఉందట.

మేము పైవరండాలో కిటికీ దగ్గరికి చేరి, ఫోటో అతను మూడుకాళ్ళ పీట వేసి నల్లగుడ్డ కప్పుకునేసరికి, గుట్ట అవతలి రోడ్డున వచ్చిన మోటారు కారు కింద ఆగింది. కళ్ళద్దాల తెలుగు కిరాణి ఒకాయన, అంటే ఏదో తోట గుమాస్తా, పట్నం చుట్టాల్ని వెంటేసుకుని పైకొచ్చినాడు. వాళ్ళకి కోట చూపిస్తూ "ఇది మూరిష్ పద్ధతి" అంటున్నాడు. నా ఖర్మ, ఊరుకోలేక, "అవును బాబూ, మా అన్న మూరే" అన్నాను.

ఆయన నన్ను చూసి, చుట్టాల్ని చూసి, పగలబడి నవ్వినాడు. "మూర్లంటే పడమటి దేశపు తురకలయ్యా! వాళ్ళ కోటల్లాగ దొర కట్టించినాడు. ఈ ముసలాడు మూరిష్ అంటే మూర అనుకుంటున్నాడు! జానిష్, బెత్తిష్ ఎక్కడున్నాయి తాతా?"

అందరూ నవ్వినారు. ఒకావిడకి కళ్ళమ్మట నీళ్ళొచ్చినాయి. పేరు సంగతి ఆయన చెప్పిందే నిజం కావచ్చు బావా. చదువుకున్నవాడు. ఇన్నేళ్ళూ మనమంతా తప్పుగానే పిలిచినామేమో, ఒప్పుకుంటాను. పేరు పడమటిదైతే కిటికీ కూడా పడమటినుంచి నడిచొచ్చిందా? ఈ మాట అక్కడ అనవలసింది. గోడవైపు తిరిగి నిలబడ్డాను.

అసలు అన్యాయం ఆ తర్వాతది. ఫోటో అతను తెచ్చింది మూడే అద్దపు పలకలు. చుట్టాల్ని నిలబెట్టి రెండు తీసేసినాడు. మూడోదానికి నరసమ్మ కొంగు సర్దుకుని కిటికీ పక్కన నిలబడింది. కిరాణి, "కోట ఒక్కటే తియ్యవయ్యా, మాకూ ఒక కాపీ కావాలి. కూలీలు అడ్డం" అన్నాడు. ఫోటో అతను నా డబ్బు జేబులో పెట్టుకునే, పక్కకి జరగమని దానికి చెయ్యి ఊపినాడు. అది జరిగింది. అతను గుడ్డలోంచి తల తీసి, "తా అపా లా! పర్లేదు తాతా, కోట కావాలన్నావు, కోట తీసినాను, పోస్టులో పంపుతాను" అని పెట్టె మూసేసినాడు.

కోటకి మనుషులు అడ్డమా? ఆ కోట తనంతట తానే భూమిలోంచి లేచిందా? ఇటుక మోసినవాళ్ళు, సున్నం నూరినవాళ్ళు, జ్వరంతో పోయి ఆ గుట్ట పక్కనే పూడ్చబడినవాళ్ళు, వీళ్ళంతా అడ్డమేనా? ఆ పిల్ల తండ్రి కొలతలో, ఆ పిల్ల నిలబడటానికి చోటు లేదా?

నేను నోరు తెరవలేదు గానీ నరసమ్మ నా పోలిక కాదు. మెట్లు దిగి సైకిలు దాకా పోయి, పెట్టె కడుతున్న అతని చేతిలోంచి పురికొస లాక్కుంది. "డబ్బుచ్చినాం, ఫోటో లేదు. ఇదైనా ఉంచుకుంటాను" అంది. అతను మలాయిలో ఏదో గొణిగినాడు గానీ దాని మొహం చూసి ఊరుకున్నాడు.

పైవరండాలోకి తిరిగొచ్చి దగ్గరున్న కిటికీకి ఆ పురికొస ఆనించబోయింది. అప్పుడు నాకు నోరొచ్చింది. "అక్కడ కాదమ్మీ. దానికి గచ్చు పూసినారు, రెండు పక్కలా చెరో వేలు తగ్గిపోతాది. బోసి ఇటుకలది కొలిచి చూడు" అని చివరి కిటికీ చూపించినాను. కిరాణి నవ్వు ఆపి చూస్తున్నాడు. చూడనీ.

ఒక కొస నేను పట్టుకున్నాను, రెండోది అది. ఇటుకనుంచి ఇటుకకి బిగలాగి పంటితో కొరికింది. ఆ పురికొసని మూడు మడతలు పెట్టి, ఆ కిటికీ అరుగు మీదే తన మోచెయ్యి పక్కన పరిచింది. ఆ మడత దాని వేళ్ళు దాటి ఇంకా పోయింది. నాలుగు వేళ్ళ మేర. ఆ ఖాళీ జాగా మీద రెండో అరచెయ్యి ఆనించింది. కిరాణి దగ్గరికొచ్చి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, చుట్టాల్ని తీసుకుని కిందికి పోయినాడు. క్షమించమనీ అనలేదు.

సాయంత్రం అయిదింటి రైల్లో నరసమ్మ ఆ పురికొసని వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. తంజుంగ్ మాలిం దాటినాక, "సిన్నానా, సెయ్యే ఇంతుంటే, మా అయ్య లైను గుమ్మంలోంచి వంగి వచ్చీవోడా?" అని అడిగింది.

"వంగేవాడమ్మా. ఒక్కోసారి మరిచిపోయి కొట్టుకునేవాడు. ఎడమ కనుబొమ్మ మీద బొప్పి ఎప్పుడూ దిగేది కాదు. దాన్ని రుద్దుకుంటూ నవ్వేవాడు. పై పన్ను ఒకటి..." అంటూ నేనే ఆగిపోయినాను. పై పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేది బావా. ఇన్నాళ్ళూ ఎక్కడ దాగిందో. నరసమ్మ నాలికతో తన పై పన్ను తడుముకుంది. దానిదీ అంతే.

ఫోటో మొన్న పోస్టులో వచ్చింది. కోట బాగానే పడింది, మనుషులెవరూ లేరు. నరసమ్మ ఒకసారి చూసి నాకిచ్చేసింది. నా కోపం ఇంకా తీరలేదు, తీరాలని కూడా లేదు. అంత పెద్ద ఇంట్లో దొర ఒక్క రాత్రి నిద్రపోలేదట. వచ్చినవాళ్ళంతా ఆయన పేరే చెప్పుకుంటారు. రేపు మనం పోయినాక, ఆ కిటికీ ఎవరి చెయ్యంత ఉందో చెప్పేవాడు ఉండడు. అందుకే ఈ వంకర రాత.

మీరు పోయేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఆదివారం పోకండి, మోటార్లవాళ్ళు వస్తారు, పనిరోజున పోండి. ఫోటో అతనికి మీ మొహాలు పలక మీద పడేదాకా డబ్బివ్వకండి. మీ గుంపులోంచి అక్కడ ఎవరెవరు పని చేసినారో, ఎవరు ఏ గోడ కట్టినారో అడిగి, నాకు వెంటనే జాబు రాయి. నా అన్న పన్ను సంగతే నాకు రైల్లో దొరికింది. మిగతావాళ్ళవి నాకు జ్ఞాపకం ఉండగానే రాసుకోవాలి. రేపు ఎల్లుండి అనకు.

నీ బావ,
అప్పలస్వామి