బాబాయి చెప్పిన నరాల బలహీనత

ఉప్పెనలో అమ్మ, నాన్న, తమ్ముడు పోయాక బాబాయి నన్ను దివిసీమ నుంచి విజయవాడ తెచ్చుకున్నాడు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. ఆ ఇంట్లో ఒకటే చట్టం: నా ముందు నీళ్ల మాట ఎత్తకూడదు. కుళాయి వస్తే పిన్ని "అదొచ్చింది" అనేది. భోజనాల దగ్గర బాబాయి "దాహం" అంటూ చెంబు చూపించేవాడు. కృష్ణ ఒడ్డున కాపురముంటూ నీళ్లని దాచడమంటే మాటలా!

ఇంత కట్టుదిట్టం చేసినా నేను మాయమవుతూనే ఉన్నాను. బియ్యం ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి అక్కడ ఉండేదాన్ని కాదు. చేట ఒళ్లోనే ఉండేది, చేతులు ఏరుతూనే ఉండేవి, అవి ఎవరివో నాకు తెలిసేది కాదు. పిలిస్తే పలికేదాన్ని కాదు. ఏదో ఒకరోజు ఇలా వెళ్లి ఇక తిరిగి రానేమోనని చచ్చేంత భయంగా ఉండేది.

వైద్యం మొదలైంది. పక్కింటావిడ గాలి సోకిందని తేల్చి తాయెత్తు కట్టించింది. గాలి కాదమ్మా, నీళ్లు అందామనుకున్నాను గానీ, చట్టం ఒప్పుకోదు కదా. తర్వాత గవర్నరుపేట డాక్టర్ల వంతు. ప్రతివాడూ నన్ను చూసి బాబాయిని అడిగేవాడు.

"ఏవిటండీ ట్రబులు?"

"నరాల బలహీనతండీ."

పిచ్చి అన్న మాట గడప దాటితే నాకు సంబంధం రాదని బాబాయి బెంగ. లోకానికి చెప్పకూడనిది డాక్టరుకీ చెప్పకూడదనుకున్నాడు మహానుభావుడు! మా ఊరి పేరు కూడా ఎత్తేవాడు కాదు. పాపం డాక్టర్లు మాత్రం ఏం చేస్తారు, నరాలకి సూదులు పొడిచారు, బలానికి టానిక్కులు రాశారు. అవన్నీ తాగి బొద్దుగా తయారయ్యాను. అప్పట్నుంచి బొద్దుగా మాయమయ్యేదాన్ని. ఒకాయనైతే పెళ్లి చేసేస్తే పోతుందన్నాడు. మొగుడి ఎదురుగా మాయమైతే సరిపోతుందన్నమాట.

చివరికి బాబాయి తన ఆఫీసులో ఎవరో చెప్పారని, చర్చి పక్క వీధిలో ఉండే ముసలి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. "నరాల..." అనబోతుంటే ఆవిడ, "మీరు కాస్త బయట కూర్చోండి," అంది.

"ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

"ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం."

"చెప్పు తల్లీ."

తమ్ముడి చెయ్యి నా చేతిలోంచి జారిపోయిందని అప్పుడే మొదటిసారి పైకి అన్నాను. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ గ్లాసు అందించి, "మంచినీళ్లు తాగు," అంది, ఆ పేరుతోనే.

"దీన్నేమంటారో నాకు సరిగ్గా తెలీదమ్మా. మందూ లేదు. గురువారం గురువారం రా. నువ్వు చెప్పు, నేను వింటాను."

బయటికి రాగానే బాబాయి అడిగాడు.

"ఏం రాసిచ్చింది?"

"ఏమీ రాయలేదు. గురువారం రమ్మంది."

"మందివ్వని డాక్టరేవిటి, నా మొహం! ఇంక రానక్కర్లేదు."

"నేనొస్తాను బాబాయ్. నీళ్లల్లో ఏం జరిగిందో చెప్పాలి."

నీళ్లనగానే ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. రిక్షా ఎక్కి చాలా దూరం వెళ్లాక మెల్లిగా అడిగాడు.

"మా అన్నయ్య సంగతి చెప్పావా?"

"ఇంకా లేదు."

గురువారం నాకంటే ముందే చెప్పులేసుకుని వరండాలో నిలబడ్డాడు. డాక్టరమ్మ గది ముందు, "నేను బయట కూర్చుంటాలే," అన్నాడు గానీ కూర్చోలేదు. తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"డాక్టరు గారూ," అన్నాడు, "మా అన్నయ్య నీళ్లల్లో పోయాడండీ."