తోకచక్రం వాలు

ఆ రోజుల్లో నేను వరంగల్‌లో ఒక కాలేజీలో మెషిన్ డ్రాయింగ్ చెప్పేవాణ్ని. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఒకాయన హసన్‌పర్తిలో, ఒక పాత షెడ్డులో, ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానాన్ని సొంతంగా కట్టుకుంటున్నాడు. దాని తోక కింద ఉండే చిన్న చక్రాన్ని డిజైన్ చేసే పని నాకు అప్పగించాడు. నా డ్రాయింగ్ చూసి దాన్ని తయారుచేసింది కొత్తవాడలో ఉండే ఒక వెల్డరు. ఆయనా, వెల్డరూ అన్నదమ్ముల్లా ఉండేవారు.

జీపు స్ప్రింగు పట్టీ ఒకటి తీసుకుని, దాని కొసన చక్రం పక్కలకు మళ్లే నిలువు ఇరుసును నిలబెట్టాను. ఖాళీ విమానానికి అది సరిగ్గానే ఉంది. మనిషి ఎక్కితే పట్టీ వంగుతుంది, ఇరుసు తల ముందుకు వాలుతుంది, అప్పుడు చక్రం కుదురుగా ఉండదు. ఇదంతా నాకు తెలుసు. ఎంత వాలుతుందో లెక్క చూడాలనుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దే హడావుడిలో చూడలేదు.

ఊరవతల బీడులో మొదటి పరుగు. ఎగరడం కాదు, నేల మీద ఉరకడమే. కాస్త వేగం అందుకోగానే తోకచక్రం అటూ ఇటూ గడగడ కొట్టుకుంది. చక్రాన్ని పట్టుకునే ఫోర్కు విరిగింది. విమానం గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకుంది. ఆయన మణికట్టు విరిగింది.

దవాఖానకు పోతుంటే విరిగిన ముక్క నాకు చూపించాడు. "అతుకు కాడనే ఇరిగింది సార్. తమ్ముడని నమ్మి ఇస్తె గిట్ల జేసిండు."

ఆ కుదుపుకు ఏ అతుకూ ఆగదు. ఆ మాట చెప్పకుండా నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

రెండేళ్ల తర్వాత ఆయన మళ్లీ ఫోర్కు గీసిమ్మని వచ్చాడు. వేరే వెల్డరును చూసుకున్నానన్నాడు. అప్పుడిక ఆగలేకపోయాను.

"అతుకు తప్పు కాదన్నా. మీరు కూసుంటె పట్టీ ఎంత వంగుతదో నేను చూడలే."

"వాని బిడ్డ పెండ్లికి గూడ పోలే నేను," అన్నాడాయన. "నడువుండ్రి."

కొత్తవాడలో వెల్డరు ముందు అదే మాట మళ్లీ చెప్పాను. అతను కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "అప్పుడే ఒక్క మాట చెప్తె అయిపోతుండె గద సార్."

ఈసారి ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి, గుండు వేలాడే తూకుదారం కట్టి ఇరుసు వాలు కొలిచాను. కొత్త డ్రాయింగ్ అందుకుని వెల్డరు, "కింద సంతకం పెట్టుండ్రి," అన్నాడు. పెట్టాను.

బీడులో విమానం తిన్నగా ఉరికింది. వాళ్లిద్దరూ కేకలేస్తూ దాని వెనక పరుగెత్తారు... కాదు, పరుగెత్తింది వెల్డరు ఒక్కడే. ఆయన లోపల కూర్చుని చెయ్యి ఊపుతున్నాడు. నేను బీడు అంచునే నిలబడ్డాను.