ఆదివారం కురవని వాన

ఆఫీసులో అందరూ ఆమెను చుక్కలక్క అనేవారు. ఉద్యోగం అటెండరు. తాళాలు తీయడం, ఫైళ్ళు మోయడం, పెద్దసారు చిరాకు భరించడం ఆమె పనులు. వీటికి తోడు ఎవరూ చేయనన్న పని ఒకటి ఇరవై ఆరేళ్ళ కిందట ఆమె నెత్తిన పడింది. పొద్దున్నే ఎనిమిదిన్నరకి ఆఫీసు వెనకున్న వానకొలత డబ్బా తెరిచి, లోపల చేరిన నీటిని గీతలున్న గాజు పాత్రలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో నోటుపుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. సెలవైనా సరే, జ్వరమొచ్చినా సరే. పురిటికి వెళ్ళిన రెండు నెలలు మాత్రం మొగుణ్ణి పంపింది, అదీ వారం రోజులు పక్కన నిలబడి నేర్పాకే.

రెండేళ్ళ కిందట ఆఫీసు ముందు పూలమొక్కల మధ్య ఒక తెల్లటి మిషను వెలిసింది. వాన ఎంత పడిందో అదే కొలిచి, అదే రాజధానిలోని కరువు పరిశీలన కేంద్రానికి చెప్పేస్తుంది. అప్పట్నుంచి చుక్కలక్క పుస్తకం తెరిచి చూసిన పాపాన పోయినవాడు లేడు.

"ఇంకా ఎందుకక్కా ఆ చాకిరీ?" అని గుమాస్తా నవ్వేవాడు.

"ఆపమని కాగితం రాలేదుగా" అనేది.

ఆ ఏడాది వానాకాలంలో ఆమె వరసగా సున్నాలే రాసింది. మొదటి రెండు నెలలకీ కలిపి కురిసింది తొమ్మిది మిల్లీమీటర్లు. బావులు అడుగంటాయి. పక్క ఊళ్ళో ఉన్న ఆమె చెల్లెలికి మొగుడు పోయాక నాలుగు గేదెలే దిక్కు. గడ్డివాము కాస్తా అయిపోయింది.

"కరువు ప్రాంతమని ప్రకటిస్తే పశువుల శిబిరం పెడతారటగా అక్కా. అది వచ్చేదేనా, లేకపోతే వీటిని కోతకు తోలేయనా?" అని ఫోనులో అడిగింది చెల్లెలు.

"తోలకే. నేనున్నాగా" అంది చుక్కలక్క, తన వల్ల ఏమవుతుందో తెలియకుండానే.

ప్రకటించిన జాబితాలో వాళ్ళ ప్రాంతం లేదు. ఆమె నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళి అడిగింది.

"కరువు కేంద్రం లెక్కలో మనకి వాన మామూలే" అన్నాడాయన. "రెండొందల పది మిల్లీమీటర్లు. ముందు వాన లోటు తేలాలి. అది తేలితేనే ఉపగ్రహం తీసిన పైర్ల ఫొటోలు, నేలలో తేమ, బావుల మట్టం చూస్తారు. మనం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాం. అభ్యంతరాలుంటే పది రోజుల్లో చెప్పమన్నారు."

"నా పుస్తకంలో తొమ్మిదే ఉంది సార్."

"ఏమని రాయమంటావు? మిషను చెప్పినా మా అటెండరు ఒప్పుకోవడం లేదనా?"

ఆమెకి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఆమె లెక్క తప్పన్నవాళ్ళు లేరు. ఆ మాటకొస్తే రైటన్నవాళ్ళూ లేరు. గుమాస్తాని బతిమాలి మిషను పంపిన రోజువారీ లెక్క అచ్చు తీయించింది. భోజనాల వేళ తన పుస్తకం పక్కన పెట్టుకుని వేలితో చదువుకుంటూ పోయింది. నాలుగు, నాలుగు, నాలుగు, సున్నా. మళ్ళీ నాలుగు. ఈ సున్నాలేమిటా అని గోడ మీది క్యాలెండరు దించి తేదీలు చూసింది. అన్నీ ఆదివారాలు, రెండో శనివారాలు!

మర్నాడు తన కొలత ముగించి కిటికీ వెనక కాపు కాసింది. పది గంటలకి తోటమాలి బాబాయి చెంబుతో వచ్చాడు. మిషను నెత్తిన నీళ్ళు పోసి, పసిపిల్లకి తలంటినంత ముద్దుగా గుడ్డతో తుడిచాడు.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"కడుగుతున్నానమ్మా. సర్కారు మిషను, దుమ్ము పట్టనీయొద్దని సారు చెప్పారుగా. వానల్లేక దుమ్ము ఒకటే లేస్తోంది. అందుకే ఈ రెండు నెలలుగా సెలవులు తప్పిస్తే రోజూ కడుగుతున్నా."

విషయం చెప్పేసరికి ఆ ముసలాయన అక్కడే కూలబడ్డాడు. "నా చేత్తో నేనే అందరి నోట్లో మట్టి కొట్టానా తల్లీ?"

"నీకు చెప్పినవాళ్ళే సరిగ్గా చెప్పలేదు. నీ మీద ఈగ వాలనివ్వను. అడిగినవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

పెద్దసారు మాత్రం ఆఫీసు పరువు పోతుందని నోరు మూసుకోమన్నాడు. ఆమె నోరు మూసుకునే రకం కాదు. మిషను మీద అంటించి ఉన్న నంబరుకి తనే ఫోను చేసింది. అవతల కరువు కేంద్రం శాస్త్రవేత్త, ఒకావిడ, పలికింది.

"మేడమ్, మా ఊరి వాన ఆదివారం సెలవు తీసుకుంటోంది!"

ఆవిడ పకపకా నవ్వింది. తన తెర మీద తేదీలు చూసుకున్నాక ఆ నవ్వు ఆగిపోయింది. "ఎల్లుండి వస్తున్నాను. పుస్తకం జాగ్రత్తగా ఉంచండి" అంది.

వచ్చింది. తోటమాలిని రోజూ పోసినట్టే ఒక చెంబు పోయమని, ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. తెర మీద నాలుగు మిల్లీమీటర్ల వాన కురిసింది. గుమాస్తా నోరు వెళ్ళబెట్టాడు. "నాకు మొదట్నుంచీ అనుమానమే" అన్నాడు పెద్దసారు, ఏమాత్రం సిగ్గుపడకుండా. తోటమాలిని ఎవరూ ఒక్క మాట అనలేదు, అనడానికి చుక్కలక్క సందిస్తేగా!

ఆ శాస్త్రవేత్త నోటుపుస్తకాలన్నీ నేల మీద పరుచుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ళు, ఒక్క తేదీ ఖాళీ లేదు. "మా దగ్గర కూడా ఇంత శుభ్రమైన లెక్క లేదండీ" అంది. చుక్కలక్క కళ్ళు తుడుచుకుంది. ఆ మాట కోసం తను ఇన్నేళ్ళూ ఎదురుచూసిందని ఆమెకి అప్పుడే తెలిసింది.

వాన లోటు తేలాక మిగతా మెట్లు చకచకా గడిచిపోయాయి. ఎండిన పైర్ల ఫొటోలు, బావుల మట్టం అన్నీ ఆమె పుస్తకం చెప్పినట్టే చెప్పాయి. గడువు ఇంకా ఒక రోజు ఉందనగా ప్రకటన వచ్చింది. ఏ ప్రాంతంలోనైనా మిషను లెక్కని చేతి లెక్కతో సరిచూశాకే ఒప్పుకోవాలని రాష్ట్రమంతటికీ ఉత్తర్వు కూడా వెళ్ళింది. ఆఫీసులో ఆ రోజు చుక్కలక్కని పెద్దసారు కుర్చీలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టారు. ఆమె మొహమాటానికైనా లేవలేదు.

శిబిరం తెరిచిన పొద్దున పదకొండు ఊళ్ళ పశువులు వచ్చాయి. డొక్కలు ఎండిన నాలుగు గేదెలతో చెల్లెలూ వచ్చింది. లారీ నుంచి దించిన పచ్చగడ్డి ముందు పడగానే అవి తల ఎత్తకుండా మేశాయి. చెల్లెలు వాటిని అలా చాలాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"అక్కా, నాకూ ఆకలేస్తోందే" అంది.

చుక్కలక్క తన క్యారేజీ విప్పి చెల్లెలి చేతిలో పెట్టింది.