అర్ధకిలో తూగితే ఆరోగ్యం

మా చిన్నప్పుడు... అశోక్‌నగర్‌లో మేముండే ఇంటి మెట్ల కింద ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో ఐదు గినీపిగ్గులు. పక్క వాటాలో కిరాయికుండే వసంతవి. లడ్డు, బూంది, జిలేబి, మైసూర్‌పాక్... అన్నిటికంటే సన్నగా ఉన్నది కారప్పూస. పేర్లన్నీ వసంతే పెట్టింది. మా ఇద్దరికీ పదేళ్ళు.

అరవై తొమ్మిదో సంవత్సరం. తెలంగాణ గొడవల వల్ల బడులు మూతపడ్డాయి. వసంత వాళ్ళు కొన్నాళ్ళు గుంటూరు వెళ్ళిపోదామనుకున్నారు. ఆ పెట్టెను లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర గడ్డిలో వదిలేసి రమ్మని వాళ్ళ నాన్నగారు రిక్షా అతనికి చెబుతున్నారు. వసంత ఏడవలేదు. వెళ్ళి పెట్టె మీద కూర్చుంది... లేవలేదు.

"నేను చూసుకుంట" అన్నాను.

"మేం తిరిగొచ్చేదాకా? ఒట్టా?"

"ఒట్టు."

"ఎవరడిగినా ఇవ్వకూడదు."

రిక్షా వెళ్ళాక మా అమ్మ పెట్టెలోకి తొంగిచూసింది. "ఎలుకలకు తోకలు కోసినట్టున్నయ్. ఇంట్లకు మాత్రం తేకు" అంది.

మొదటి వారం వాటికి మిగిలిన అన్నం పెట్టాను. రెండు తినడం మానేసి మూల చేరాయి. అప్పుడు వచ్చాడు మా కాక... నాన్నకు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. నారాయణగూడ వైపు ఏదో మందుల ఆఫీసులో పని. అంతవరకే నాకు తెలుసు.

"అన్నం గాదురా, పచ్చిది పెట్టాలె. పచ్చిది లేకుంటే కీళ్ళు వాచి సస్తయ్. మొగదాన్ని వేరే పెట్టు, లేకుంటే గల్లీ నిండ ఇవే తిరుగుతయ్" అన్నాడు కాక. పెట్టె మధ్యలో అట్టముక్క అడ్డం కట్టించాడు. ఎండకు తట్టుకోలేవని పైన తడి గోనెసంచి కప్పించాడు. రోజూ సాయంత్రం సైకిల్ మీద పచ్చగడ్డి తెచ్చేవాడు. వారం తిరక్కుండానే కాక సైకిల్ గంట వినబడితే చాలు, ఐదూ ఈల వేసినట్టు కూసేవి.

నేను పొద్దున్నే చిక్కడపల్లి మార్కెట్‌కి వెళ్ళి పారేసిన ముల్లంగి ఆకులు, కొత్తిమీర కాడలు ఏరుకొచ్చేవాణ్ణి. "ఏం బిడ్డా, ఇంట్ల బర్రెను కట్టిండ్రా?" అనేది కూరగాయలామె. అంటూనే ఒక కట్ట పక్కకు పెట్టేది.

ఆదివారం తూకం. కాక కిరాణా దుకాణం నుంచి తరాజు అడిగి తెచ్చేవాడు. ఒక్కోదాన్నీ గుడ్డసంచిలో పెట్టి తూచడం నా పని. బరువు నోటుబుక్కులో రాయడం కూడా నా పనే.

"అర్ధకిలో తూగితే ఆరోగ్యంగ ఉన్నట్టు. అయినంక నాకు చెప్పు" అన్నాడు కాక.

నాలుగు అర్ధకిలోకు వచ్చిన రోజు నేనే వీధి చివరిదాకా ఎదురెళ్ళి చెప్పాను. "శభాష్‌రా" అని వీపు తట్టాడు.

మర్నాడు మూతబుట్టతో వచ్చాడు. గంట వినగానే అవి కూశాయి.

"మా ఆఫీసుల మస్తు గడ్డి ఉన్నది. వసంతోళ్ళు వచ్చెదాంక ఆడనే ఉంచుదం. మీ అమ్మ పరేషాన్ అయితున్నది."

"ఎవ్వరికీ ఇయ్యొద్దన్నది కాకా."

"ఇస్తున్నమా? ఉంచుతున్నం."

నా చేతులతోనే నాలుగింటినీ బుట్టలో పెట్టాను. కారప్పూసను కూడా ఎత్తబోతే ఆపాడు. "ఇది ఇంక కాలే. జర మేపు."

మూడో రోజు ముల్లంగి ఆకులు పట్టుకుని నారాయణగూడ దాకా నడిచాను. గేటు దగ్గర చౌకీదారుకు కాక పేరు చెప్పి, ఆకులు గినీపిగ్గుల కోసమని చెప్పాను. ఆయన ఆ ఆకుల వంక చూశాడు.

"అవేం తింటయ్ బిడ్డా. నిన్ననే సూదులేసిండ్రు."

"ఎందుకు?"

"మందు మంచిదో కాదో చూడనీకి. గందుకే తెప్పిస్తరు. అర్ధకిలో ఉంటేనే తీస్కుంటరు. తక్కువుంటే వాపస్."

లోపల ఆవరణంతా పచ్చగా ఉంది. గడ్డి విషయంలో కాక అబద్ధం చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి కాక అన్నం తింటున్నాడు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే ఇచ్చేటోనివా?"

అమ్మ తలెత్తకుండా కూర వడ్డించింది. అమ్మకు ముందే తెలుసని అప్పుడు అర్థమైంది.

తర్వాత ప్రతి ఆదివారం కాక అడిగేవాడు, కారప్పూస ఎంత తూగిందని. తరాజు నేనే తెచ్చేవాణ్ణి, నేనే తూచేవాణ్ణి. "కాలే" అనేవాణ్ణి. అది అర్ధకిలో ఎప్పుడో దాటింది... నోటుబుక్కులో మాత్రం ప్రతివారం పాత బరువే రాశాను. పెద్దయ్యాక పత్రికలో విలేకరినయ్యాను... నేను రాసిన మొదటి తప్పుడు వార్త మాత్రం అదే.

గొడవలు సద్దుమణిగాక వసంత వచ్చింది. నేరుగా మెట్ల కిందికి వెళ్ళింది. జరిగిందంతా చెప్పి, నోటుబుక్కు చేతికిచ్చాను. నిలబడే ఒక్కో పేజీ చదివింది.

"రాత నీదేనా?"

"నాదే."

కారప్పూసను ఎత్తుకుని వాళ్ళ వాటాలోకి వెళ్ళి తలుపేసుకుంది. మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఎండాకాలంలో వాళ్ళు దోమలగూడకు ఇల్లు మారారు.

కాక వైపు మాట కూడా చెప్పాలి. ఆ పరీక్షల వల్ల ఎంతోమంది బతికి ఉంటారు. అక్కడ పరీక్షించిన సూది నేనూ వేయించుకునే ఉంటాను. ఉద్యోగరీత్యా చాలామంది నాతో అబద్ధాలాడారు... వాళ్ళెవరి మీదా నాకిప్పుడు కోపం లేదు. కాక మాత్రం అబద్ధం చెప్పి ఊరుకోలేదు. తరాజు నా చేతికిచ్చాడు.

ఇప్పుడు మా వీధిలో ఆ ఇల్లూ లేదు, ఆ మెట్లూ లేవు. ఫోన్లోనే ప్రకటనలు కనిపిస్తున్నాయి... "గినీపిగ్స్ ఉచితంగా ఇస్తాం, మంచి ఇల్లు కావాలి" అని. ఇంట్లో పిల్లల్ని అడిగారా అని కింద రాస్తుంటాను. జవాబులు పెద్దగా రావు.

మీకు చెప్పకుండా మీ ఇంట్లోంచి వెళ్ళిపోయినవి ఉంటే రాయండి... పేర్లు గుర్తుంటే పేర్లతో సహా.

నావి లడ్డు, బూంది, జిలేబి, మైసూర్‌పాక్.