అడవికి జోడు మాట

కొత్తవాడలో జంపఖానాలు నేసే సరోజన చదివింది ఐదో తరగతి. అయినా ఒక మాట చెవిన పడితే చాలు, దానికి జోడు మాట నోటికి వచ్చేసేది. పెళ్లిళ్లలో పాటలకు కొత్త చరణాలు అక్కడికక్కడే కట్టేది.

వెనక వీధి హరీశ్ జాతర పాటలు రాసి యూట్యూబ్‌లో పెట్టేవాడు. ప్రాస కుదరనప్పుడల్లా ఆమె మగ్గం దగ్గరికి వచ్చేవాడు. ఒకసారి ‘జంపన్న వాగుల తడిసినమే’ అని రాసి ఆగిపోయాడు. ‘సలికి వణికి నిన్ను తలిసినమే’ అని ఆమె చెయ్యి ఆపకుండానే అందించింది. ఆ ఏడు మేడారం పోయే బస్సుల్లో, ట్రాక్టర్లలో ఆ పాటే మోగింది. ఆరేళ్లలో అలాంటివి పదకొండు పాటలు. ఏ పాట కిందా ఆమె పేరు లేదు. మొదట్లో ఆ ఆలోచన ఆమెకూ లేదు.

కిందటేడు హన్మకొండలో హరీశ్‌కు సన్మానం చేశారు. సరోజన పట్టుచీర కట్టుకుని వెళ్లి మూడో వరుసలో కూర్చుంది. ఇంత చక్కటి మాటలు ఎలా తడతాయని ఎవరో అడిగారు. అడవిలో ఒంటరిగా కూర్చుంటే అవే వస్తాయని హరీశ్ మైకులో చెప్పాడు. ఆమె వైపు చూస్తూనే చెప్పాడు.

వారం తిరక్కుండా అతను మళ్లీ మగ్గం దగ్గరికి వచ్చాడు. జాతర ముగిసి సమ్మక్క వనంలోకి వెళ్లిపోయే ఘట్టం మీద పాట. ‘అడవి బాట పట్టి అమ్మ పోతాంటే’ దగ్గర ఆగింది. రెండో పాదం ‘అడవి’కి ప్రాస కుదిరే మాటతో మొదలవ్వాలి. అతను చదవడం పూర్తికాకముందే సరోజనకు తట్టింది: ‘కడుపుల పేగు కదిలిపాయెనే’. కానీ పైకి చెప్పలేదు.

“ఈ పాట కింద నా పేరు సుత ఎయ్యి, బిడ్డా” అంది.

హరీశ్ నవ్వాడు. “మాట అందిచ్చినందుకు పేరెయ్యాల్నంటే, డిక్షనరీకి సుత ఎయ్యాలె గద, పెద్దమ్మా.”

“అయితే దాన్నే అడుగుపో. నాకు తెల్వదు.”

తను లేకుండా ఆ పాట ముందుకు కదలదనీ, అతను తిరిగి వస్తాడనీ అనుకుంది. నెల రోజులు గుమ్మం వైపు చూసింది. అతను రాలేదు. ప్రాసలు వెతికిపెట్టేది ఏదో ఫోన్‌లోనే ఉందట. పాట వచ్చింది: ‘గొడుగులు పట్టుకోని మొక్కుతున్నమే’.

మాఘమాసంలో, చినుకు రాలని జాతరలో గొడుగులు. సరోజన పగలబడి నవ్వింది. జనం కూడా నవ్వుతారని ఎదురుచూసింది. జనం మాత్రం రంగు రంగుల గొడుగులు కొనుక్కుని, ఆ పాటకు ఆడుతూ రీల్స్ చేశారు. ఆమె మాటలున్న పదకొండు పాటల్లో ఏదీ అంత దూరం పోలేదు.

ఒక పొద్దున కోడలు వాసంతి కూరగాయలు తరుగుతూ అదే పాట పాడుతోంది. సరోజన ఇక ఆగలేక తను దాచుకున్న పాదం చెప్పింది. వాసంతి దాన్ని రెండుసార్లు పాడి చూసుకుంది.

“మంచిగనే ఉన్నది గని, అత్తమ్మా, గొడుగులకున్నంత ఊపు లేదు.”

సరోజన వెళ్లి మగ్గంలో కూర్చుంది. ఇప్పుడు ఎవరు పలకరించినా ఊ, ఆ అంటుంది. మాటకు జోడు మాట తట్టడం మాత్రం ఆగలేదు. తట్టిన ప్రతిసారీ పళ్లు బిగబట్టుకుంటుంది.