సాయవ్వ మడమలో ముల్లు

మా అత్త సాయవ్వ మడమ నొప్పికి మంచిర్యాల డాక్టరు ఎక్స్‌రే తీయించి, "గిదిగో అవ్వా, మడమ ఎముక ముల్లు లెక్క పెరిగింది" అన్నాడు. అన్నది అంతే. ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోయింది.

కారణం ఉంది. ఆ ముందటి ఆదివారమే మా పాస్టరు జోయల్ అయ్యగారు బైబిల్లోని పౌలు గురించి చెప్పారు. గర్వపడకుండా ఉండాలని దేవుడు ఆయన శరీరంలో ఒక ముల్లు ఉంచాడట, ఎంత మొరపెట్టుకున్నా తీయలేదట.

"పౌలుకిచ్చిన ముల్లే నాకిచ్చిండే కోమలా! అయ్యగారికి గూడ లేదు!"

ఇక చూడండి నా తిప్పలు. ఎక్స్‌రే బైబిలు సంచిలో చేరింది. కూరగాయలామెకు, బస్సు కండక్టరుకు, ఆఖరికి పాలు పోసే హనుమండ్లుకు కూడా ఎండకు ఎత్తి చూపించేది. నాకు ఒళ్లు మండి, "గర్వపడొద్దనే గదా అత్తమ్మా ఆ ముల్లు?" అన్నాను.

"అవునే. గీ సంఘంల నాకంటె వినయం ఎవలికున్నది?"

ఏం చెప్తాం!

కానీ పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు ఆ గొప్పలన్నీ ఎటో పోయేవి. గోడ పట్టుకుని ఏడ్చేది. "ఇచ్చినవ్, సరే. ఎందుకిచ్చినవో జర చెప్పు ప్రభువా" అని అడిగేది. జవాబు రాలేదు. అప్పుడు మాత్రం నాకు పాపం అనిపించేది.

చర్చికి వెళ్లే దారిలోనే ఆమె యారాలు దేవవ్వ ఇల్లు. అంటే మా మామయ్య తమ్ముని భార్య, నాకు చిన్నత్త. ఒక క్రిస్మస్‌కు మా అత్త పంపిన గారెలు చూసి "గారెలా, కంకర్రాళ్లా?" అన్నదట. అంతే, ఏళ్లుగా మాటల్లేవు. ఆ ఇల్లు రాగానే మా అత్త మూతి తిప్పుకుని ఉరికేది.

ముల్లుతో ఉరకడం కుదరదు కదా. మొన్న ఆదివారం సరిగ్గా ఆ గుమ్మం ముందే మడమ కలుక్కుమంది. "సచ్చిన్రా దేవుడో!" అంటూ ఆ ఇంటి అరుగు మీదే కూలబడింది. తలుపు తెరుచుకుంది. అయిపోయింది, ఇక వీళ్ల గొడవ వాడంతా వినాల్సిందే అనుకున్నాను.

దేవవ్వ మా అత్త కాలు చూసింది. లోపలికి వెళ్లి గంజు గిన్నెలో ఉప్పు వేసిన వేడినీళ్లు తెచ్చింది. "కాలిటియ్యి అక్కా" అంది. మడమను ఒళ్లో పెట్టుకుని కాపడం పెడుతూ, తల ఎత్తకుండానే అంది.

"ప్రతి ఐతారం కిటికీలకెల్లి చూస్తనే ఉన్న. ఒక్కసారన్న నిలబడుతవేమో అని."

 మా అత్త పైకి చూసి, "గిందుకా ప్రభువా?" అంది. తర్వాత ఏడ్చింది. దేవవ్వ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మేం ఏడ్చి లేచేసరికి చర్చిలో ఆరాధన అయిపోయింది.

సాయంత్రం అయ్యగారు మా ఇంటికొచ్చి, "ప్రభువా, ఈ ముల్లు తీసెయ్యి" అని ప్రార్థన మొదలుపెట్టగానే మా అత్త ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"జర ఆగుండ్లి అయ్యగారూ. ఇంకొన్ని ఐతారాలు ఉండనియ్యుండ్లి. గారెల ముచ్చట ఇంక తెగలే."